పంపిన మెయిల్ ఎక్కడ ఆగింది? సర్వర్ చూసుకునేవాళ్ల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలయ్యాయి: ‘మా సర్వర్ నుంచి మెయిల్స్ వెళ్లడం లేదు.’ ఆ ఒక్క ముక్కతో జబ్బు పోల్చలేం. మెయిల్ మీ క్యూలోనే కూర్చుందా? ఫైర్‌వాల్ దాటలేదా? అవతలి సర్వర్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిందా? లేక అది తీసుకున్నాక స్పామ్‌లో పడేసిందా? ఈ నాలుగింటికీ మందు వేరు. అందుకే ప్రశ్నతో పాటు లాగ్‌లోని ఆ ఒక్క లైనూ ఉన్నదున్నట్టు పంపండి. అందులో కోడ్ 4తో మొదలైతే ‘తర్వాత రా’ అని అర్థం, మీ సర్వర్ దానంతట అదే మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే ‘వద్దు’ అని. ఆ మెయిల్ పని అక్కడితో అయిపోయినట్టే, పంపినవారికి బౌన్స్ వెళ్తుంది.

ఆదేశాలు, సెట్టింగులు తెలుగు లిపిలో ఇస్తున్నాం. పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్) సెట్టింగుల పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, పదానికీ పదానికీ మధ్య అండర్‌స్కోర్‌తో టైపు చేయాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాం.

ప్రశ్న: మాది మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీ. సొంత పోస్ట్‌ఫిక్స్ సర్వర్, రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నాయి. జీమెయిల్ అడ్రసులకు పొద్దున పంపినవి చేరతాయి, మధ్యాహ్నం పంపినవి 550 5.7.25తో వెనక్కి వస్తాయి. పీటీఆర్ రికార్డు లేదంటుంది. మాకు పీటీఆర్ ఉంది, డిగ్ కొట్టి చూసుకున్నాం కూడా. ఏమిటీ గందరగోళం?
– పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: మీకు పీటీఆర్ (ఐపీ ఇస్తే దాని పేరు చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) ఉన్నది ఒక లైను ఐపీకి. మధ్యాహ్నం మెయిల్ బయటికి పోతున్నది రెండో లైను ఐపీతో. రెండు లైన్ల మీదా లోడ్ పంచే ఫైర్‌వాల్ ఉంటే ఇది తప్పదు. దానికి మీ మెయిల్ కూడా మామూలు బ్రౌజింగ్ ట్రాఫిక్ లాంటిదే, ఏ లైను ఖాళీగా ఉంటే అందులోకి తోసేస్తుంది.

ముందు రుజువు చూసుకోండి. వెనక్కి వచ్చిన బౌన్స్‌లో 550 పక్కనే చదరపు బ్రాకెట్లలో ఒక ఐపీ ఉంటుంది. చేరిన మెయిల్‌ను జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ పెట్టి చూస్తే ‘క్లయింట్-ఐపీ=’ తర్వాత ఇంకో ఐపీ కనిపిస్తుంది. రెండూ వేరైతే విషయం తేలిపోయినట్టే. సర్వర్‌లో బ్రౌజర్ తెరిచి ‘నా ఐపీ ఏది’ అని చూసుకుని నమ్మకండి. అది చూపేది వెబ్ వాడే 443 పోర్టు వెళ్లే దారిని. మెయిల్ వాడే 25 పోర్టు అదే దారిన వెళ్తోందని ఎక్కడా లేదు.

సరిచేయడం ఫైర్‌వాల్‌లో మొదలవ్వాలి. సోర్సు మీ మెయిల్ సర్వర్ లోపలి ఐపీ, గమ్యం పోర్టు టీసీపీ 25 అయితే మొదటి లైనుకే పంపు అని పాలసీ రూట్ రాయండి. ఆ రూల్‌కి సోర్స్ నాట్ (లోపలి ఐపీని బయటి ఐపీగా మార్చడం) కూడా పీటీఆర్ ఉన్న ఐపీతోనే కట్టండి. ఈ రూల్ లోడ్ బ్యాలెన్స్ రూల్ కంటే పైన ఉండాలి. కిందపడితే దాని దాకా వంతు రాదు.

మొదటి లైను పోయినప్పుడు రెండోది అందుకోవాలనుకుంటే, ఆ ఐపీని కూడా ముందే సిద్ధం చేసి పెట్టాలి. సర్వర్ పేరుకి ‘ఏ’ రికార్డులో (పేరు ఇస్తే ఐపీ చెప్పేది) రెండు ఐపీలూ చేర్చండి. తర్వాత రెండు ఇంటర్నెట్ కంపెనీలకూ విడివిడిగా రాసి, ఎవరి ఐపీకి వాళ్లు ఆ పేరుతో పీటీఆర్ పెట్టమని అడగండి. చాలామంది దీనికోసం డొమైన్ కొన్నచోట వెతుకుతారు. అక్కడ దొరకదు. ఐపీ ఎవరిదో పీటీఆర్ వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఐపీ అంకెలే పేరుగా ఉండే తయారీ పీటీఆర్ ఒకటి ముందే ఉండొచ్చు. దాంతో సరిపెట్టుకోవద్దు, చాలా సర్వర్లు దాన్ని ఇంటి కనెక్షన్‌గా లెక్కవేస్తాయి. పీటీఆర్ చెప్పే పేరు, ఆ పేరుకున్న ఐపీ, మీ సర్వర్ హెలోలో (అవతలి సర్వర్‌ను పలకరించే ఆదేశం) చెప్పుకునే పేరు మూడూ ఒకదాన్నొకటి చూపాలి. పోస్ట్‌ఫిక్స్‌లో హెలో పేరు ‘మైహోస్ట్‌నేమ్’ నుంచి వస్తుంది. అక్కడ లోకల్‌హోస్ట్.లోకల్‌డొమైన్ అని మిగిలిపోయిన సర్వర్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి.

ఎస్‌పీఎఫ్‌లో (మీ డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపవచ్చో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) కూడా రెండు ఐపీలూ ఉండాలి, కానీ రికార్డు ఒక్కటే ఉండాలి: ‘వీ=ఎస్‌పీఎఫ్1 ఐపీ4:203.0.113.10 ఐపీ4:198.51.100.20 -ఆల్’. రెండో లైనుకోసం ఇంకో ఎస్‌పీఎఫ్ రికార్డు విడిగా పెట్టారో, రెండూ చెల్లవు. ఐపీ4 అని నేరుగా రాసినవి 10 డీఎన్‌ఎస్ వెతుకులాటల పరిమితిలోకి రావు. ‘ఇన్‌క్లూడ్’, ‘ఏ’, ‘ఎంఎక్స్’ లాంటివి వస్తాయి.

రెండో లైనుకి పీటీఆర్ ఇవ్వలేమని ఆ కంపెనీ అంటే, మెయిల్‌కి అసలు ఫెయిల్‌ఓవర్ (ఒక లైను పోతే రెండోదానికి మళ్లడం) ఇవ్వకండి. ఇది మా గట్టి సలహా. లైను పోతే మెయిల్ క్యూలో ఆగుతుంది. పోస్ట్‌ఫిక్స్ దాన్ని 5 రోజులు అట్టిపెట్టుకుని, 300 సెకన్ల నుంచి 4000 సెకన్ల దాకా విరామం పెంచుకుంటూ ప్రయత్నిస్తూనే ఉంటుంది. నాలుగు గంటలు ఆగిన మెయిల్ ఆలస్యంగానైనా చేరుతుంది. తప్పుడు ఐపీతో వెళ్లింది మాత్రం 550 తిని చేజారిపోతుంది. ఆగిన సంగతి పంపినవారికి తెలియాలంటే ‘డిలే వార్నింగ్ టైమ్ = 4హెచ్’ పెట్టండి. మామూలుగా అది సున్నా, అంటే ఎవరికీ కబురు వెళ్లదు.

ఇంకో మాట. బౌన్స్‌లోని ఐపీలో చుక్కలకు బదులు కోలన్లు ఉంటే అది ఐపీవీ6. ఇంటర్నెట్ కంపెనీ కొత్తగా ఐపీవీ6 ఇచ్చి, దానికి పీటీఆర్ లేకపోయినా ఇదే 550 వస్తుంది. పీటీఆర్ వచ్చేదాకా ‘ఇనెట్ ప్రోటోకాల్స్ = ఐపీవీ4’ అని మార్చండి. ఈ మార్పుకి రీలోడ్ చాలదు, పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రశ్న: మా ఆఫీసు మెయిల్స్ పోయిన నెల క్లౌడ్ సర్వీసుకి మార్చాం. వెబ్‌సైట్ మాత్రం పాత సీప్యానెల్ హోస్టింగ్‌లోనే ఉంది. సైట్‌లోని కాంటాక్ట్ ఫారం నింపితే బయటి జీమెయిల్‌కి కాపీ వస్తోంది, మా సొంత డొమైన్ అడ్రసుకి రావడం లేదు. ఎంఎక్స్ రికార్డులు సరిగ్గానే ఉన్నాయి.
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఎంఎక్స్ (డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే రికార్డు) సరిగ్గానే ఉంటుంది, ఆ హోస్టింగ్ సర్వర్ దాన్ని చూస్తేగా! మీ డొమైన్ తన దగ్గరే ఉందని అది ఇంకా నమ్ముతోంది. అలా నమ్మిన సర్వర్ ఎంఎక్స్ అడగదు, మెయిల్‌ను తన డిస్కులోని పెట్టెలోనే వేసుకుంటుంది. ఆ పెట్టె తీసేసి ఉంటే ‘నో సచ్ యూజర్ హియర్’ అంటుంది.

సీప్యానెల్‌లో ‘ఈమెయిల్ రూటింగ్’ తెరిచి మీ డొమైన్ ఎంచుకుని, ‘రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్’ మీద పెట్టి మార్చండి. ‘ఆటోమేటిక్‌గా గుర్తించు’ అన్నదాని మీద వదిలేయకండి. మార్చేముందు మరిచిపోకుండా చేయాల్సిన పని ఒకటుంది. హోస్టింగ్ వెబ్‌మెయిల్‌లోకి వెళ్లి పాత పెట్టెలు చూడండి. ఈ నెలంతా మీ కస్టమర్లు నింపిన ఫారాలు అక్కడ పడి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

తర్వాత ఇంకో అడ్డు రావచ్చు. చాలా ఫారాలు, నింపిన మనిషి అడ్రసునే పంపినవారి అడ్రసుగా పెడతాయి. ఎవరో జీమెయిల్ పేరుతో మీ హోస్టింగ్ ఐపీ నుంచి మెయిల్ వస్తే క్లౌడ్ సర్వీసు అనుమానించడం న్యాయమే. ‘ఫ్రమ్’లో మీ డొమైన్ అడ్రసు, ‘రిప్లై-టు’లో నింపినవారి అడ్రసు ఉండాలి. హోస్టింగ్ ఐపీని ఎస్‌పీఎఫ్‌లో చేర్చాలి. అది పదిమంది పంచుకునే ఐపీ అయితే చేర్చకుండా, ఫారాన్నే క్లౌడ్ సర్వీసు 587 పోర్టుకి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలపండి.

ఇదే జబ్బు ఆఫీసులో స్కానర్, టాలీ లాంటివి వాడుకునే పాత పోస్ట్‌ఫిక్స్‌కీ వస్తుంది. అక్కడ డొమైన్ పేరు ‘మైడెస్టినేషన్’లో మిగిలిపోయి ఉంటుంది, తీసేయాలి. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్‌లో అయితే యాక్సెప్టెడ్ డొమైన్ ‘అథారిటేటివ్’గా ఉండిపోతుంది. సగం మంది ఇక్కడ, సగం మంది క్లౌడ్‌లో ఉంటే దాన్ని ‘ఇంటర్నల్ రిలే’గా మార్చి, ఆ డొమైన్‌కి క్లౌడ్ వైపు ఒక సెండ్ కనెక్టర్ (మెయిల్ బయటికి వెళ్లే దారి) పెట్టాలి. రెండు వైపులా రిలే పెట్టేస్తే మాత్రం, ఎక్కడా లేని అడ్రసుకి వచ్చిన మెయిల్‌ను ఇద్దరూ బంతిలా విసురుకుని చివరికి ‘హాప్ కౌంట్ ఎక్సీడెడ్’ అంటారు. ఏదో ఒక వైపు ‘ఇక్కడ లేకపోతే ఇంకెక్కడా లేదు’ అనే అధికారం ఉంచండి.

ప్రశ్న: మాది ఎక్స్ఛేంజ్ సర్వర్. మా బ్యాంకుతో ఉత్తరప్రత్యుత్తరాలకు తప్పనిసరి టీఎల్‌ఎస్‌తో (దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసే పద్ధతి) ఒక సెండ్ కనెక్టర్ ఉంది. బ్యాంకు అడ్రసులు మారాక ఆ మెయిల్స్ మామూలు కనెక్టర్ గుండా పోతున్నాయి. బ్యాంకు కనెక్టర్ కాస్ట్ 1, మామూలుది 10. అయినా ఎందుకు?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బ్యాంకులన్నీ ‘.బ్యాంక్.ఇన్’ డొమైన్‌కి మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది, అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ డొమైన్లకు రిజిస్ట్రార్ మన హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీయే. మీ కనెక్టర్ అడ్రస్ స్పేస్‌లో (అది ఏ డొమైన్లకు పనిచేయాలో చెప్పే జాబితా) ఉన్నది బ్యాంకు పాత డొమైన్. కొత్త పేరు దానికి తెలియదు. అందుకని మెయిల్, అన్ని డొమైన్లనీ కలుపుకునే నక్షత్రం (*) గుర్తున్న మామూలు కనెక్టర్‌కి పోయింది.

కాస్ట్ గురించి చాలామందికున్న అపోహ తీర్చుకోవాల్సిన చోటిది. ఎక్స్ఛేంజ్ ముందు చూసేది కాస్ట్ కాదు, పేరు ఎంత దగ్గరగా కలిసిందన్నది. డొమైన్ పూర్తిగా కలిసిన కనెక్టర్ కాస్ట్ 100 ఉన్నా, నక్షత్రం కనెక్టర్ కాస్ట్ 1 ఉన్నా, మొదటిదే గెలుస్తుంది. ఒకే అడ్రస్ స్పేస్ ఉన్న కనెక్టర్లు రెండుంటేనే కాస్ట్ పనికొస్తుంది. అది కూడా ఫెయిల్‌ఓవర్ కాదు. తక్కువ కాస్ట్ కనెక్టర్ అవతల స్మార్ట్ హోస్ట్ (మెయిల్ తీసుకుని ముందుకు పంపే సర్వర్) పడిపోతే ఎక్కువ కాస్ట్ దానికి మళ్లదు, క్యూలో ఆగుతుంది. ప్రత్యామ్నాయం కావాలంటే ఒకే కనెక్టర్‌లో రెండు స్మార్ట్ హోస్టులు రాయండి.

మీరు చేయాల్సింది: పాత పేరు తీయకుండా కొత్త పేరూ చేర్చండి. ‘టీఎల్‌ఎస్ డొమైన్’లో పాత పేరు రాసి ఉంటే, సర్టిఫికెట్‌లోని పేరుతో అది పొసగక మెయిల్ ఆగుతుంది. కొత్త సర్టిఫికెట్‌లో ఏ పేరుందో బ్యాంకు ఐటీ వాళ్లను అడిగి అదే పెట్టండి. తర్వాత ‘గెట్-క్యూ’ కొట్టి ‘నెక్స్ట్‌హాప్ డొమైన్’, ‘లాస్ట్ ఎర్రర్’ చూడండి. ముందే క్యూలో చేరిన మెయిల్స్ పాత దారికే అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని కొత్త కనెక్టర్‌కి మళ్లించాలంటే మామూలు రిట్రై చాలదు, ‘రిట్రై-క్యూ’కి ‘-రీసబ్మిట్ $ట్రూ’ జతచేయాలి. తొందరపడండి, ఎక్స్ఛేంజ్ మామూలుగా 2 రోజులే ఆగి మెయిల్‌ను తిప్పి పంపేస్తుంది.

పోస్ట్‌ఫిక్స్ వాడేవాళ్లు ‘ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్స్’, ‘ఎస్‌ఎంటీపీ టీఎల్‌ఎస్ పాలసీ మ్యాప్స్’ రెండింటిలోనూ బ్యాంకుల పాత పేర్లు వెతకండి. ఇక్కడ కొత్త పేరు చేర్చకపోతే ఏ లోపమూ కనిపించదు, మెయిల్ వెళ్తూనే ఉంటుంది. కానీ అవతలివాళ్లు టీఎల్‌ఎస్ ఇవ్వని రోజు తాళం లేకుండానే వెళ్లిపోతుంది. అందుకే ఇది బౌన్స్ కంటే ప్రమాదం.

ప్రశ్న: మిర్చి ఎగుమతి చేసే మా సంస్థలో మామూలు మెయిల్స్ క్షణాల్లో పోతాయి. షిప్పింగ్ పత్రాల పీడీఎఫ్‌లు జతచేస్తే కొన్ని 552తో తిరిగొస్తాయి, కొన్ని క్యూలో గంటలకొద్దీ ఉండిపోతాయి. కొందరు కొనుగోలుదారులకు ఒకే మెయిల్ మూడుసార్లు చేరిందట.
– పాఠకుడు, గుంటూరు

జవాబు: మీవి మూడు సమస్యలు, విడివిడిగా చూద్దాం.

552 సైజుకి సంబంధించింది. జతచేసిన ఫైలు బేస్64లోకి మారినప్పుడు ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి, లైను చివరలూ కలిస్తే మొత్తం 37 శాతం దాకా ఉబ్బుతుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలు పరిమితి 1,02,40,000 బైట్లు. అంటే డిస్కులో సుమారు 7 ఎంబీ దాటిన పీడీఎఫ్ వెళ్లదు. ‘మెసేజ్ సైజ్ లిమిట్ = 36700160’ అంటే 35 ఎంబీ. ‘మెయిల్‌బాక్స్ సైజ్ లిమిట్’ దీనికంటే తక్కువ ఉండకూడదు. అది మామూలుగా 5,12,00,000 కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. మీరు పెంచినా అవతలివాళ్ల పరిమితి మారదు. జీమెయిల్ నుంచి పంపేవాళ్లకు 25 ఎంబీ దాటితే లింకే గతి. కొనుగోలుదారుల సర్వర్లు ఇంకా తక్కువ పెట్టుకుని ఉండొచ్చు. వాళ్ల సర్వర్ ఈహెలోకి ఇచ్చే జవాబులో ‘సైజ్’ పక్కన ఉన్న అంకే వాళ్ల హద్దు.

గంటలకొద్దీ ఆగేవాటి లాగ్‌లో ‘టైమ్డ్ అవుట్ వైల్ సెండింగ్ మెసేజ్ బాడీ’ అని ఉంటే ఇది ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు) గొడవ. పీపీపీఓఈ మీద వచ్చే కనెక్షన్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్లు పట్టదు, 1492 పడుతుంది. చిన్న మెయిల్ ప్యాకెట్లు నిండవు కాబట్టి దాటిపోతాయి. పీడీఎఫ్ నిండు ప్యాకెట్లు పంపుతుంది. దారిలోని రౌటర్ ‘ముక్కలు చేయాలి’ అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు తెలిపే పద్ధతి) కబురు పంపుతుంది. ఐసీఎంపీ మొత్తం ప్రమాదమని ఎవరో ఫైర్‌వాల్‌లో మూసేసి ఉంటే ఆ కబురు సర్వర్‌కి అందదు. అది అదే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపి అలిసిపోతుంది.

లినక్స్‌లో ‘పింగ్ -ఎం డూ -ఎస్ 1472’ అని బయటి ఐపీకి కొట్టండి. ఇందులో ‘ఎం’ పెద్ద అక్షరం. అది పోకుండా 1464 పోతే మీ దారి 1492దే (హెడర్లకు 28 బైట్లు కలుస్తాయి). ఫైర్‌వాల్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్ (హెడర్లు పోను ప్యాకెట్‌లో పట్టే డేటా) 1452కి బిగించండి, ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4ను లోపలికి రానివ్వండి. పింగ్‌కి అవతల జవాబివ్వకపోతే సర్వర్ నెట్‌వర్క్ కార్డు ఎంటీయూ కాసేపు 1400కి తగ్గించి క్యూ కదిలించి చూడండి. ఆగినవి పరుగెత్తితే అనుమానం తీరిపోయినట్టే.

మూడుసార్లు చేరడం మూడో సంగతి. లాగ్‌లో ‘టైమ్డ్ అవుట్ వైల్ సెండింగ్ ఎండ్ ఆఫ్ డేటా’ అని ఉంటుంది. మొత్తం మెయిల్ అవతలికి అందింది, కానీ ‘అందింది’ అన్న 250 జవాబు మీకు రాలేదు. అవతలి సర్వర్ పీడీఎఫ్‌ను వైరస్ పరీక్షలో ఎక్కువసేపు ఉంచినా, మీ ఫైర్‌వాల్ నిశ్శబ్దంగా ఉన్న కనెక్షన్‌ను తొందరగా తెంచినా ఇలా అవుతుంది. పోస్ట్‌ఫిక్స్ దీనికి 600 సెకన్లు ఆగుతుంది. మీ ఫైర్‌వాల్ సెషన్ గడువు అంతకంటే తక్కువ ఉంటే 25 పోర్టుకి పెంచండి.

ప్రశ్న: క్లౌడ్‌లో కొత్తగా వర్చువల్ సర్వర్ తీసుకుని పోస్ట్‌ఫిక్స్ పెట్టాం. ఏ డొమైన్‌కి పంపినా ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’. ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ తెరిచే ఉన్నాయి.
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీవి తెరిచే ఉంటాయి. మూసింది క్లౌడ్ కంపెనీ. అమెజాన్ ఈసీ2 బయటికి వెళ్లే 25ను మొదటినుంచే ఆపి ఉంచుతుంది, అడిగితే పరిశీలించి తీస్తుంది. గూగుల్ క్లౌడ్ బయటి ఐపీలకు ఆపుతుంది. అజూర్‌లో మీ సబ్‌స్క్రిప్షన్ రకాన్ని బట్టి ఉంటుంది. మీది హైదరాబాద్ రీజియన్ అయినా ముంబై అయినా తేడా లేదు. ‘టైమ్డ్ అవుట్’ అంటే దారిలో ఎవరో ప్యాకెట్‌ను మింగేశారని, ‘రిఫ్యూజ్డ్’ అంటే అవతల తలుపు దాకా వెళ్లారని గుర్తుపెట్టుకుంటే ఇలాంటివి త్వరగా తేలతాయి.

587 పోర్టులో రిలే సర్వీసు తీసుకోండి. ‘రిలేహోస్ట్’లో పేరు చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టి, తర్వాత :587 రాయండి. బ్రాకెట్లు లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎంఎక్స్ వెతికి ఇంకెక్కడికో పోతుంది. పాస్‌వర్డ్ ఫైలులో కూడా అదే పేరు, అవే బ్రాకెట్లు, అదే పోర్టు అక్షరం తేడా లేకుండా ఉండాలి. లేకపోతే పాస్‌వర్డ్ దొరకక లాగిన్ అవకుండానే పంపబోయి తిట్లు తింటుంది. ఫైలు మార్చిన ప్రతిసారీ ‘పోస్ట్‌మ్యాప్’ కొట్టండి. ‘నో మెకానిజం అవైలబుల్’ అని వస్తే ఎస్‌ఏఎస్‌ఎల్ (లాగిన్ చూసుకునేది) ప్యాకేజీ లేదు: డెబియన్, ఉబుంటుల్లో ‘లిబ్‌ఎస్‌ఏఎస్‌ఎల్2-మాడ్యూల్స్’, రెడ్‌హ్యాట్ తరహాలో ‘సైరస్-ఎస్‌ఏఎస్‌ఎల్-ప్లెయిన్’ వేయండి. రిలే వాళ్ల ఇన్‌క్లూడ్ ఎస్‌పీఎఫ్‌లో చేర్చడం మరవకండి.

ప్రశ్న: సోమవారం వచ్చి చూస్తే క్యూలో 40 వేల మెయిల్స్! మా ఐపీ బ్లాక్‌లిస్టులో పడింది. క్యూ మొత్తం తుడిచేసి, లిస్టులోంచి తీయమని అడగవచ్చా?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: రెండూ ఇప్పుడే చేయకండి. క్యూలో మీ ఆఫీసు అసలు మెయిల్స్ కూడా ఉన్నాయి, తుడిస్తే అవీ పోతాయి. కారణం మిగిలి ఉండగా లిస్టులోంచి తీయించుకుంటే రేపటికి మళ్లీ ఎక్కుతారు, రెండోసారి తీయించుకోవడం ఇంకా కష్టం.

మొదట ‘పోస్ట్‌సూపర్ -హెచ్ ఆల్’ కొట్టండి. ‘హెచ్’ చిన్నది, ‘ఆల్’ మూడు అక్షరాలూ పెద్దవి. ఏదీ పోకుండా అంతా నిలిచిపోతుంది. తర్వాత మెయిల్ లాగ్‌లో ‘ఎస్‌ఏఎస్‌ఎల్ యూజర్‌నేమ్=’ ఉన్న లైన్లు ఏరి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒక పేరు వేలల్లో కనిపిస్తే పాస్‌వర్డ్ పోయింది వాళ్లదే. పాస్‌వర్డ్ మార్చడంతో ఆగకుండా పోస్ట్‌ఫిక్స్‌ను రీస్టార్ట్ చేయండి, లేకపోతే ముందే తెరుచుకున్న కనెక్షన్ల గుండా పంపకం సాగుతూనే ఉంటుంది. వాళ్ల మెయిల్‌బాక్సులో ఎవరో ఫార్వర్డింగ్ రూల్ పెట్టిపోయారేమో కూడా చూడండి.

ఏ పేరూ తేలకపోతే మీ మెయిల్ సర్వర్ నిర్దోషి కావచ్చు. ఆఫీసులో ఏదో కంప్యూటర్‌కి వైరస్ పట్టి, అదే నేరుగా 25 పోర్టులో పంపుతూ, మీ అందరి ఐపీ ఒకటే కావడంతో పేరు చెడగొడుతోంది. కానీ అప్పుడు క్యూ ఇలా నిండదు. క్యూ ఖాళీగా ఉండి బ్లాక్‌లిస్టులో పడినవాళ్లు ముందు ఇది అనుమానించాలి. ఏదైనాగానీ ఈరోజే ఫైర్‌వాల్‌లో మెయిల్ సర్వర్‌కి తప్ప ఇంకెవరికీ బయటి 25 లేకుండా మూయండి. వీలైతే వైఫైకి, మెయిల్‌కి వేర్వేరు ఐపీలు ఇవ్వండి.

తర్వాత ‘పోస్ట్‌క్యూ -జె’తో జాబితా తీసి, ఆ పంపినవారి క్యూ ఐడీలను మాత్రం ‘పోస్ట్‌సూపర్ -డి -’కి అందించి తీసేయండి. పంపినవారి చోట మెయిలర్-డీమన్ అని ఉన్నవి చాలామటుకు ఆ చెత్తకే వచ్చిన బౌన్సులు. పైపైన చూసి అవీ తీసేయండి. మిగిలినవి ‘పోస్ట్‌సూపర్ -హెచ్ ఆల్’తో వదలండి, ఈసారి ‘హెచ్’ కూడా పెద్దది.

ఇప్పుడు లిస్టు సంగతి. స్పామ్‌హాస్ సంస్థ బ్లాక్‌లిస్టు ‘జెన్’ను మీ సర్వర్ నుంచి అడిగినప్పుడు జవాబు 127.0.0.2 లేదా 3 అయితే స్పామ్ పంపారని, 4 అయితే వైరస్ పట్టిన యంత్రం ఉందని అర్థం. 10, 11 అయితే నేరమేమీ లేదు, ఆ ఐపీ నుంచి నేరుగా మెయిల్ పంపకూడదని కేటాయింపు ఉందంతే. 127.255.255.254 వస్తే కంగారుపడకండి. 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్‌ఎస్ ద్వారా అడిగారు కాబట్టి స్పామ్‌హాస్ జవాబివ్వనంది. దాన్ని ‘లిస్టులో ఉంది’ అని చదివి, లోపలికొచ్చే ప్రతి మెయిల్‌నూ తిప్పికొట్టే సర్వర్లు ఉన్నాయి.

లాగ్స్ మాత్రం ఎట్టిపరిస్థితిలో చెరపకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు దాచాలి. సిస్టంలోకి అనధికారంగా చొరబడిన సంఘటనలను గమనించిన 6 గంటల్లోగా వాళ్లకు తెలపాలి. లినక్స్‌లో చాలాచోట్ల పాత మెయిల్ లాగ్ నాలుగు వారాలకే చెరిగిపోతుంది. లాగ్‌రొటేట్‌లో ఆ అంకె పెంచండి.

ప్రశ్న: సర్వర్ నుంచి టెల్‌నెట్‌లో 25కి కలిపితే 220 తర్వాత అన్నీ నక్షత్రాలే కనిపిస్తున్నాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో వేరే నెట్‌వర్క్ నుంచి పరీక్షిస్తే ఆర్‌సీపీటీ కొట్టగానే తెగిపోతోంది. సర్వర్ పాడైందా?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: సర్వర్ బాగానే ఉంది. రెండింటికీ కారణాలు వేరు.

ఆ నక్షత్రాలు మీ ఫైర్‌వాల్ గీసినవి. సిస్కో ఏఎస్‌ఏ లాంటివాటిలో ‘ఈఎస్‌ఎంటీపీ ఇన్‌స్పెక్షన్’ అవతలి సర్వర్ పలకరింపును ఇలా కప్పేస్తుంది. ఈహెలో కొట్టి చూడండి, ‘250-స్టార్ట్‌టీఎల్‌ఎస్’ ఉండాల్సిన చోట ‘ఎక్స్’ అక్షరాలు వరసగా ఉండి చివర ‘ఏ’ అక్షరం కనిపిస్తుంది. దాంతో మీ సర్వర్‌కి టీఎల్‌ఎస్ దొరకదు. టీఎల్‌ఎస్ తప్పనిసరి అని మీరు పెట్టిన డొమైన్లకు ‘టీఎల్‌ఎస్ ఈజ్ రిక్వైర్డ్, బట్ వాజ్ నాట్ ఆఫర్డ్’ అని మెయిల్ ఆగుతుంది. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో ‘ఎనేబ్లింగ్ పిక్స్ వర్కరౌండ్స్’ అనే లైనుంటే అనుమానమే అక్కర్లేదు. ఫైర్‌వాల్‌లో గ్లోబల్ పాలసీ కింద ‘ఇన్‌స్పెక్షన్ డీఫాల్ట్’ క్లాసులోకి వెళ్లి ‘నో ఇన్‌స్పెక్ట్ ఈఎస్‌ఎంటీపీ’ ఇవ్వండి.

రెండోది ఎంతోమందిని గంటలు తిప్పలు పెట్టిన చిన్న సంగతి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ‘ఎస్_క్లయింట్’లో లైను పెద్ద ‘ఆర్’తో మొదలైతే అది మెయిల్ ఆదేశం కాదు, టీఎల్‌ఎస్ మళ్లీ కుదుర్చుకో అనే సంకేతం. పెద్ద ‘క్యూ’ అయితే బయటికి పో అని. మెయిల్ ఎవరికో చెప్పే ‘ఆర్‌సీపీటీ టు’ ఆదేశాన్ని అన్నీ చిన్న అక్షరాల్లో కొట్టండి, ఎస్‌ఎంటీపీకి అక్షరం చిన్నదైనా పెద్దదైనా ఒకటే. లేదా ఆదేశం చివర ‘-క్వయెట్’ చేర్చండి. పరీక్ష ముగిశాక ‘డేటా’ కొట్టకుండా ‘క్విట్’ చిన్న అక్షరాల్లో ఇచ్చి బయటికి వస్తే అవతలివారికి ఖాళీ మెయిల్ వెళ్లదు. ఆర్‌సీపీటీకి 250 వచ్చిందంటే రూటింగ్ వరకు అంతా సరిగ్గా ఉన్నట్టే.